క్రోమ్ బంపరుకు రంగు నిలవాలంటే



మా తమ్ముడు హోసూరు నుంచి కూరగాయలు వేసే పికప్ బండికి పోయినేడు బంపరు, గ్రిల్లు మీది క్రోమ్ మాసిందని నల్లరంగు వేయించాడు. రెండు వానలు పడేసరికి పొరలు పొరలుగా లేచిపోయింది. పెట్టిన డబ్బు నీళ్లపాలైంది.

లోపం రంగుది కాదండీ. క్రోమ్ అద్దంలా నున్నగా ఉంటుంది. దానిమీద రంగుకు పట్టు దొరకదు. ముందు సబ్బునీళ్లతో జిడ్డు పోగొట్టాలి. 320 నంబరు వాటర్ పేపరును తడిపి, మెరుపు తగ్గేదాకా మెల్లగా రుద్దాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి. క్రోమ్ కింద నికెల్ పొర ఉంటుంది. ఇనుమును తుప్పు నుంచి ముఖ్యంగా కాపాడేది అదే. దాన్నీ గీకేస్తే తుప్పుకు దారి ఇచ్చినట్టే. ఇప్పటికే లేచిన పొరనూ తుప్పునూ మాత్రం పూర్తిగా తీసేయాలి. ఆ పైన ఎపాక్సీ ప్రైమరు, అది ఆరాక రంగు పలుచగా రెండు మూడు పూతలు వేయాలి.

క్రోమ్ గట్టిగా ఉంటే వినైల్ స్టిక్కరు కూడా అతికించవచ్చు. వద్దనుకుంటే తీసేయవచ్చు. తుప్పు మీద మాత్రం అతికించకండి, లోపల తడి నిలిచి ఇంకా తినేస్తుంది.

బేరమాడేటప్పుడు రుద్దుతారా, ప్రైమరు వేస్తారా అని కూడా అడగండి. సెలవు.