అవతలి ఒడ్డు

(సాహిత్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్య వేదిక మీద సాఫ్ట్‌వేరు ఇంజనీరుకి మైకు ఇవ్వడం నిర్వాహకుల ధైర్యం. అందులోనూ నేను మాట్లాడబోయేది ఒక తైలవర్ణ చిత్రం గురించి. ఇంజనీరింగు కాలేజీలో డ్రాయింగు పరీక్ష రెండోసారికి గాని గట్టెక్కని వాణ్ణి. అయినా పది నిమిషాలు ఓపిక పట్టండి.

2014లో మా నాన్నగారు టొరాంటో వచ్చారు. నయాగరా, గుడి, కాస్ట్‌కో అయిపోయాక, మన ఇళ్ళలో మామూలే కదా, ఇంకేం చూపించాలో తోచలేదు. కారులో ఆటవా తీసుకెళ్ళాను. అక్కడి నేషనల్ గ్యాలరీ ముందు పెద్ద కంచు సాలీడు ఉంటుంది. "దీన్ని చూడ్డానికా ఇంత దూరం తీసుకొచ్చావు?" అన్నారు. లోపల గదులన్నీ గబగబా దాటేస్తూ, ఒక బొమ్మ దగ్గర ఆగిపోయారు.

అది జేమ్స్ విల్సన్ మోరిస్ 1907లో వేసిన 'ది ఫెర్రీ, క్యూబెక్'. ముందు మంచు కప్పిన లెవీ ఒడ్డు. మధ్యలో సెయింట్ లారెన్స్ నది, దాని మీద ఒక ఫెర్రీ. ఆవలి గట్టున కొండ మీద క్యూబెక్ నగరం. అంతే. హడావుడి లేదు, కథ లేదు. చలి, నీళ్ళు, నిశ్శబ్దం.

మోరిస్ 1865లో మాంట్రియల్‌లో పుట్టాడు. కలిగిన వర్తక కుటుంబం. లా చదివించారు. ప్లీడరీ పట్టా పుచ్చుకుని కూడా, దాన్ని పక్కన పెట్టి పారిస్ వెళ్ళిపోయాడు. జేబులో పట్టే చిన్న చెక్క పలకల మీద ఎక్కడికక్కడ బొమ్మలు వేసుకునేవాడు. మాతీస్ లాంటివాళ్ళు ఆయన స్నేహితులు. అప్పుడప్పుడూ చలికాలంలో ఇంటికొచ్చి, ఇక్కడి మంచునూ నదినీ వేసేవాడు. 1924లో ట్యునీషియాలో పోయాడు. అంటే ఆయనా మనలాంటి ఎన్నారైయేనన్నమాట!

ఆ రోజుల్లో క్యూబెక్ దగ్గర నదికి వంతెన లేదు. కడుతున్నారు. అదే 1907 ఆగస్టు 29న సగం కట్టిన వంతెన నదిలో కూలిపోయింది. 75 మంది పనివాళ్ళు పోయారు. వాళ్ళలో చాలామంది కానవాగే నుంచి వచ్చిన మోహాక్ తెగవారు. స్పాను పొడవు పెంచారు గాని, దానికి తగ్గట్టు బరువు లెక్కలు సరిచూడలేదు. ఇనుప కమ్ములు వంగుతున్నాయని తెలిసి, పని ఆపించడానికి ఒక మనిషి న్యూయార్క్ దాకా వెళ్ళాడు. ఆపమన్న కబురు మాత్రం సమయానికి వంతెన దగ్గరికి చేరలేదు. 1916లో మధ్యభాగం ఎత్తుతుండగా అదీ పడిపోయి, ఇంకో 13 మంది పోయారు. చివరికి 1917లో రైళ్ళు నడిచాయి. బొమ్మలో అంత ప్రశాంతంగా కనిపించే నది వెనక ఇంత కథ ఉంది.

ఇదంతా నాన్నగారికి చెబుదామని నోరు తెరిచాను. ఆయనే మొదలుపెట్టారు.

"ఇది మన కొవ్వూరు రేవులా ఉందిరా."

మంచెక్కడ, కొవ్వూరెక్కడ! నవ్వబోయి ఊరుకున్నాను.

గోదావరి మీద 1900లో వచ్చిన హేవ్‌లాక్ వంతెన రైళ్ళకే. రోడ్డు వంతెన 1974లో గాని రాలేదు. ఈలోగా రైలు వేళ తప్పితే పడవే గతి. 1962లో నాన్నగారికి పద్నాలుగేళ్ళు. ఒక రాత్రి మా నాయనమ్మకి కడుపునొప్పి వచ్చింది. రాజమండ్రి ఆసుపత్రికి తీసుకెళ్ళాలని బండి కట్టుకుని గోష్పాద రేవుకి వచ్చారు. గాలి ఎక్కువగా ఉంది, తెల్లారితే గాని పడవ వెయ్యనన్నాడు సరంగు. రాత్రంతా ఒడ్డునే కూర్చున్నారు.

"అవతల రాజమండ్రి దీపాలు నీళ్ళల్లో ఊగుతున్నాయి. ఎంత బావుందో అనుకున్నాన్రా. పక్కన అమ్మ మూలుగుతోంది. అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది" అన్నారు.

తెల్లారాక దాటారు. నాయనమ్మ బతికింది. తర్వాత ముప్ఫై ఏళ్ళు మమ్మల్నందరినీ అదిలించింది కూడా. కానీ ఈ సంగతి నేను అంతకుముందెప్పుడూ వినలేదు. ఆయన ఎవరికీ చెప్పలేదట.

బయటికొస్తూ ఒక మాట అన్నారు. "ఈ ఒడ్డున కూర్చున్నవాడికి ఆ ఒడ్డు ఎప్పుడూ ప్రశాంతంగానే ఉంటుందిరా." అప్పుడది వేదాంతం అనుకున్నాను.

2021 ఏప్రిల్‌లో ఇండియా నుంచి ఇక్కడికి నేరుగా వచ్చే విమానాలు ఆపేశారు. మే నెలలో నాన్నగారు రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో ఉన్నారు. చుట్టుతిరుగుడు దారులన్నీ వెతికాను. కుదరలేదు. మా చెల్లెలు ఫోను పట్టుకుని చూపించింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. ఆ వెనక కిటికీలోంచి గోదావరి, ఎండలో మెరుస్తూ, నిలకడగా కనిపించింది. ఎంత బావుందో అనుకున్నాను. అనుకున్న మరుక్షణం ఆయన సిగ్గు నాకు అర్థమయింది. రెండు రోజులకి పోయారు.

ఆ తర్వాత ఒకసారి క్యూబెక్ వెళ్ళి ఆ ఫెర్రీ ఎక్కాను. పది పన్నెండు నిమిషాల్లో దాటించేసింది. దిగాలనిపించక, అదే పడవలో వెనక్కి వచ్చాను.

అమ్మానాన్నలకి ఫోను చేసి "అంతా బావుందా?" అంటాం. "బావుంది" అంటారు. వాళ్ళకి మన ఒడ్డు ప్రశాంతం, మనకి వాళ్ళది. ఈసారి వాళ్ళు వచ్చినప్పుడు నయాగరా తప్పకుండా చూపించండి. కానీ ఎక్కడైనా ఒక బొమ్మ ముందు ఆగిపోతే తొందరపెట్టకండి. పార్కింగు మీటరు సంగతి తర్వాత చూసుకోవచ్చు. పక్కన నిలబడి, ఏమనుకుంటున్నారో అడగండి.

ఆ రోజు నేను అడగలేదు. ఆయనే చెప్పారు. అది నా అదృష్టం.

సెలవు.