మాటను తూచే విద్య



ఎం.ఎ. ఇంగ్లీషు చదివినవారికి పాఠం చెప్పడం తప్ప వేరే దారి లేదన్న అభిప్రాయం తెలుగునాట చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. ఆ దారి చిన్నదేమీ కాదు. నెట్ అని పిలిచే జాతీయ అర్హత పరీక్షలోని 150 ప్రశ్నలను దాటి కళాశాల అధ్యాపకులైనవారు తరతరాల విద్యార్థులకు భాషను అందిస్తారు. అయితే సాహిత్యం తెలియడం వేరు, భాష నేర్పడం వేరు. అందుకే 1958లో హైదరాబాదులో ఇంగ్లీషు బోధన కోసం ప్రత్యేకంగా ఒక కేంద్ర సంస్థను నెలకొల్పారు. ఇప్పుడు ఇఫ్లూగా పేరొందిన విశ్వవిద్యాలయం అదే. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి గనుక తెలుగు పిల్లలు ఇంగ్లీషు మాటల చివర కూడా ఉకారం చేర్చి బస్సు, కారు అంటారని ధ్వనిశాస్త్రం, అంటే నోట శబ్దాలు పుట్టే తీరును వివరించే శాస్త్రం, చదివిన ఉపాధ్యాయునికి తెలుస్తుంది. అటువంటి ఉపాధ్యాయుడు పిల్లవాణ్ణి కోప్పడడు, కారణం తెలుసుకొని సరిదిద్దుతాడు.

అయినప్పటికీ ఈ పట్టా విలువను ఉద్యోగాల జాబితాతో కొలవడం కన్నా, రెండేళ్ల చదువు విద్యార్థి చేత పదేపదే ఏ పని చేయించిందో గమనించడం మేలు. ఆ పనిని సన్నిహిత పఠనం అంటారు. రచనలో ఉన్న ప్రతి మాటా ఎందుకు ఉందో, అక్కడే ఎందుకు ఉందో అడుగుతూ చదవడమని దాని అర్థం. కేంబ్రిడ్జిలో సాహిత్య విమర్శకుడు ఐ.ఎ. రిచర్డ్స్ కవుల పేర్లు చెప్పకుండా విద్యార్థులకు కవితలిచ్చి, వారు రాసిన వ్యాఖ్యలను పరిశీలించి, 1929లో ‘ప్రాక్టికల్ క్రిటిసిజం’ అనే గ్రంథం వెలువరించాడు. బాగా చదువుకున్నవారు సైతం కాగితం మీద ఉన్నదాన్ని వదిలి, తమ మనసులో ముందే సిద్ధంగా ఉన్న భావాన్ని చదువుకుంటారని ఆ పరిశీలనలో వెల్లడైంది. ఆ పొరపాటును తనలో తాను పట్టుకోగలగడమే ఎం.ఎ. ఇంగ్లీషు ఇచ్చే అసలైన సామర్థ్యం. మిగతావన్నీ దాని వెంట వచ్చేవే.

న్యాయస్థానాల్లో ఈ సామర్థ్యానికి ఎంత అవసరముందో చాలామంది గుర్తించరు. రాజ్యాంగంలోని 348వ అధికరణం ప్రకారం, పార్లమెంటు వేరే ఏర్పాటు చేసేవరకు సుప్రీంకోర్టు, హైకోర్టుల వ్యవహారాలు ఇంగ్లీషులో సాగాలి. కింది స్థాయిలో సాక్షులు మాట్లాడేది మాత్రం తెలుగు. ఒక సాక్షి “కొట్టబోయాడు” అన్నప్పుడు దెబ్బ పడలేదు. “కొట్టాడు” అన్నప్పుడు పడింది. ఈ రెంటి మధ్య తేడా ఒక్క క్రియాపదంలో ఇమిడి ఉంది, దాన్ని అనువాదకుడు జారవిడిస్తే ఒక మనిషి స్వేచ్ఛే ప్రమాదంలో పడవచ్చు. తీర్పులను భారతీయ భాషల్లోకి మార్చడానికి సుప్రీంకోర్టు 2019లో సువాస్ అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రవేశపెట్టింది, కాని యంత్రం ఇచ్చిన వాక్యం మూలానికి నమ్మకంగా ఉందో లేదో తేల్చవలసినది రెండు భాషలూ తెలిసిన మనిషే.

సినిమాలకు, ఓటీటీ ధారావాహికలకు ఉపశీర్షికలు రాయడం మరొక వృత్తి. తెర మీద సాధారణంగా రెండు పంక్తులకు మించి చోటుండదు, ఒక్కో పంక్తిలో ఇంగ్లీషు అక్షరాలు నలభైకి అటూ ఇటూ మాత్రమే పడతాయి. వదిన, మరదలు, ఆడపడుచు, తోడికోడలు అనే నాలుగు బంధుత్వాలకూ ఇంగ్లీషులో ఉన్నది ‘సిస్టర్ ఇన్ లా’ ఒక్కటే. “మీరు” అంటూ వచ్చిన నాయిక ఒకానొక క్షణంలో “నువ్వు” అన్నప్పుడు కథే మలుపు తిరుగుతుంది, ఇంగ్లీషులో ఆ రెండూ ‘యూ’ మాత్రమే. పోయిన ఆ అర్థాన్ని వాక్యంలో మరో చోట, బహుశా ఒక పిలుపులోనో ఒక మౌనంలోనో, తిరిగి నిలపడం నిఘంటువు నేర్పే పని కాదు.

ఈ కారణంగానే తెలుగును పక్కనపెట్టిన ఇంగ్లీషు పట్టభద్రుల చేతిలో సగం పనిముట్టే ఉంటుంది. ఇంగ్లీషు అధ్యాపకులుగా జీవించి తెలుగు కథను సంపన్నం చేసిన త్రిపుర, తిరుపతిలో ఇంగ్లీషు బోధించి, 2022 సంవత్సరానికి ‘మనోధర్మపరాగం’ నవలకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న మధురాంతకం నరేంద్ర ఆ రెండు భాషలనూ కలిపే నిలుపుకున్నవారు.

పత్రికా రచన, ప్రచురణ సంస్థల్లో సంపాదకత్వం, పౌరసేవల పరీక్షలు కూడా ఈ పట్టభద్రులకు తెరిచి ఉన్న దారులే. సాంకేతిక రచన, అనగా ఒక యంత్రాన్నో సాఫ్ట్‌వేర్‌నో వాడే పద్ధతిని సామాన్యుడికి అర్థమయ్యేలా రాసే వృత్తి, కొంత వేరైనది. దానికి భాష ఒక్కటే చాలదు. ఆ వస్తువు పనిచేసే తీరును ఇంజనీర్ల దగ్గర కూర్చొని, తెలియనిది తెలియదని ఒప్పుకొని అడిగి తెలుసుకోవాలి. అర్థంకాని కవితను అయిదారుసార్లు చదివి, తరగతిలో సంకోచం లేకుండా సందేహం అడిగిన విద్యార్థికి ఆ అడగడం అప్పటికే అలవాటైన పని.