చదివింపులు



మన బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతముల పెండ్లిపందిళ్లలో చదివింపులు చూడనివారు లేరు. ఇచ్చినవారి పేరును, సొమ్మును బిగ్గరగాఁ జదివి పుస్తకమున వ్రాసికొందురు. వారి యింట శుభకార్యమైనపుడు ఆ పుస్తకము తీసి, అంతకుఁ దక్కువ గాకుండఁ జదివింతురు. ఇది వడ్డీలేని బదులు. పెండ్లిబరువును పదిమంది పంచుకొను నుపాయము. 1961 నాఁటి చట్టము నిషేధించిన వరకట్నమో, ఏనాఁడును తిరిగిరాదు. దాని నెవ్వరును పందిటఁ జదివింపరు!

అయినను చదివింపులలో నొక ముల్లున్నది. 1977 నవంబరు 19 నాఁటి యుప్పెనలో దివిసీమయం దెందఱో ఇల్లువాకిళ్లు కోల్పోయిరి. అట్టివారు పాతబదులు తీర్చుటెట్లు? చాలనిసొమ్ము పదిమందిలోఁ జదువఁగా పేదబంధువు తల వంచుకొనును. కావున పేరుమాత్రమే చదివి, సొమ్ము పుస్తకమున వ్రాసికొనవలెనని యీ సభకు నా మనవి.