హంప్టా ఎక్కే ముందు

వేసవిలో మన ఊళ్ల నుంచి మనాలీ వెళ్లి, హంప్టా కనుమ ఎక్కాలనుకునే వాళ్లకు ఈ నాలుగు మాటలు.

మనాలీ సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంది. హంప్టా 4,270 మీటర్ల దగ్గర. వెయ్యి మీటర్లు ఎక్కితే ఉష్ణోగ్రత ఆరు డిగ్రీల దాకా పడిపోతుంది. కింద 14 డిగ్రీలుంటే పైన సున్నాకు చేరువ. కాబట్టి ఫోనులో మనాలీ వాతావరణం చూసుకుంటే చాలదు. వాతావరణ శాఖ సిమ్లా కేంద్రం హెచ్చరికలు చదవండి. మంచు చరియల ముప్పు ఎంతుందో చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ డీజీఆర్‌ఈ చెబుతుంది. కొత్త మంచు బాగా కురిశాక తొలి 24 గంటలూ ఏటవాలు దారులు చాలా ప్రమాదం.

నిరుటి ఫొటోలు నమ్మకండి. మంచు ఏ ఏడాదికి ఆ ఏడాదే. నిన్నో మొన్నో దిగివచ్చిన గైడునూ, గొర్రెల కాపరులనూ అడగండి. మంచు ఎక్కడ మొదలవుతోంది, వాగు ఎంత లోతుంది? ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి వాగులు పొంగుతాయి. దాటడమేదో ఉదయమే దాటాలి.

2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో మంచు తుఫాను కర్ణాటక బృందంలో 9 మందిని బలితీసుకుంది. వేసవే కదా అన్న ధీమా అక్కడ పనికిరాదు.

తిరుగు ప్రయాణం టికెట్టు రెండు రోజుల తర్వాతి తేదీకే తీసుకోండి. గైడు వెనక్కి మళ్లుదామంటే, దయచేసి వాదించకండి.