కొంగుముడి: ఆడవాళ్లలో ఏడీహెచ్‌డీ గురించి కొన్ని మాటలు



స్మారకోపన్యాసమంటే ముందు ఆ స్మృతిమూర్తి గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పి, ఆ తర్వాత వారి ఊసెత్తకుండా గంటసేపు సొంత పాండిత్యం ఒలకబోసుకోవడం మనవైపు ఆనవాయితీ. నాకా వెసులుబాటు లేదు. ఎనిమిది నుంచి పది దాకా ఈ సభ ఎవరి జ్ఞాపకార్థమో ఆ టీచరుగారి దగ్గరే సైన్సు చదువుకున్నాను.  బడిలో మేమెవ్వరం ఆవిణ్ణి పేరుతో ఎరగం, టీచరుగారనే ఎరుగుదుం. నేనూ అలాగే అంటాను.

ఆవిడ కొంగు గుర్తుందా మీకు? పొద్దున బడికొచ్చేటప్పుడు ఇస్త్రీ కొంగు. సాయంత్రానికి దాని అంచున మూడు నాలుగు ముడులు. కిరసనాయిలుకు ఒకటి, హాజరుపట్టీకి ఒకటి, హెడ్మాస్టరుగారు రమ్మన్నారని ఒకటి. పాఠం మధ్యలో ఒక ముడి చేతికి తగిలేది. సుద్దముక్క ఆపి, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ముందు బెంచీని అడిగేవారు: “ఇది దేనికేశానే?” క్లాసంతా నవ్వేది. ఆవిడా నవ్వేవారు. ఆ నవ్వు బడిలో చెల్లింది. ఇంట్లో ఏమయ్యేదో ఆలోచించడానికి నాకు నలభై ఏళ్లు పట్టింది.

వెళ్లిపోయిన మనిషికి జబ్బు పేరు అంటగట్టడం వైద్యధర్మం కాదు, నేనా పని చెయ్యను. ఆవిడ కూతురు ఒకమాట అంది, అంతవరకు చెబుతాను: “అమ్మని మేమందరం అశ్రద్ధ మనిషి అనేవాళ్లం. ఇప్పుడు ఆ మాట వెనక్కి తీసుకోవాలనుంది.” ఈ అంశం మీద మాట్లాడమన్నది కూడా తనే.

ఇక నా తప్పు. నేను మనోవైద్యం చదివే రోజుల్లో ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం లక్షణాలైన ఈ ఏడీహెచ్‌డీకి మా పుస్తకంలో ఉన్నది ఒకటే బొమ్మ: ఏడెనిమిదేళ్ల మగపిల్లాడు, కుదురుగా కూర్చోడు, పెద్దయితే సర్దుకుంటాడు. ఆ బొమ్మ బుర్రలో పెట్టుకుని ఇరవై ఏళ్లు ప్రాక్టీసు చేశాను. ఆడవాళ్లు వచ్చేవారు. నిద్ర లేదు, ఏడుపొస్తోంది, చిరాకు, దేనికీ పనికిరానిదాన్నని అనిపిస్తోంది అనేవారు. డిప్రెషన్ అనో యాంగ్జయిటీ అనో రాసి మందులిచ్చేదాన్ని. అవి అబద్ధం కాదు, ఉండేవే. కొన్నాళ్లకు మళ్లీ వచ్చి, “మనసు కుదుటపడిందండీ, పనే తెమలడం లేదు” అనేవారు. ఆ రెండో ముక్క నా చెవిన పడేది, బుర్రకెక్కేది కాదు. మందు మోతాదు పెంచేదాన్ని.

ఇది నా ఒక్కదాని చెవుడు కాదు. 1902 మార్చిలో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు మూడు ఉపన్యాసాలిచ్చాడు. ఈ స్థితి గురించి వైద్యచరిత్ర చెప్పుకునే తొలి వివరణల్లో అదొకటి. తెలివికి లోటు లేకపోయినా తమను తాము అదుపు చేసుకోలేని పిల్లలని ఆయన ఇరవైమందిని చూపించాడు. అందులో 15 మంది మగపిల్లలు, అయిదుగురు ఆడపిల్లలు. 1968లో అమెరికా మనోవైద్యుల గ్రంథం డీఎస్ఎం దీనికి పెట్టిన పేరు కూడా పిల్లల అతిచలనం అనే అర్థంలోనే. గెంతకుండా కూర్చుని కూడా ధ్యాస నిలవని పిల్లలుంటారని ఆ గ్రంథం ఒప్పుకున్నది 1980లో. లక్షణాలు ఏడేళ్ల లోపే కనపడాలన్న నిబంధనను 12 ఏళ్లకు సడలించింది 2013లో. ఈ రెండు తేదీల మధ్య నా ప్రాక్టీసులో సగం గడిచిపోయింది.

మందు కథ ఇంకో వింత. 1944లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీలో లియాండ్రో పానిజ్జోన్ అనే రసాయన శాస్త్రవేత్త మిథైల్‌ఫెనిడేట్ తయారుచేశాడు. భార్య రీటా టెన్నిస్ ఆటకు ముందు వేసుకునేదట, ఆవిడ పేరునే రిటాలిన్ అన్నాడు. మందుకేమో ఇల్లాలి పేరు, వాడుకేమో దశాబ్దాల పాటు మగపిల్లలకు.

కారణం వెతుక్కోవాల్సిన పని లేదు. బడి కిటికీ అద్దం పగలగొట్టినవాణ్ణి డాక్టరు దగ్గరికి తీసుకొస్తారు. అదే కిటికీలోంచి వేపచెట్టు చూస్తూ కూర్చున్న పిల్లను ఎవరూ తీసుకురారు. ‘పరధ్యానం పిల్ల’ అంటారు, లేదా నోరు ఆగకపోతే వసపిట్ట అంటారు, అక్కడితో సరి. చిన్నతనంలో వైద్యుల దాకా వచ్చేవాళ్లలో మగపిల్లలు కొన్ని రెట్లు ఎక్కువ. పెద్దయ్యాక లెక్క తీస్తే ఆడా మగా దాదాపు దగ్గర దగ్గరకొస్తారు. అంటే ఆడపిల్లలు మధ్యలో పుట్టుకొచ్చినవాళ్లు కాదు, మొదటినుంచీ ఉన్నవాళ్లే.

పైగా ఆడపిల్లకు దాచుకోవడం మనం ఉగ్గుపాలతో నేర్పుతాం. ఒళ్లు దగ్గర పెట్టుకో, నలుగురూ ఏమనుకుంటారు అని. దాంతో ఆ పిల్ల స్నేహితురాలి నోట్సు చూసి రాసుకుంటుంది, రాత్రంతా మేలుకుని చదివి మార్కులు తెచ్చుకుంటుంది, సంచి వాళ్లమ్మ సర్దుతుంది, జడ నాయనమ్మ వేస్తుంది. చుట్టూ ఇంతమంది మోస్తున్నప్పుడు లోటు కనపడదు. హాస్టలుకెళ్లినప్పుడో, పెళ్లయినప్పుడో, తొలికాన్పయ్యాకో ఈ చేతులన్నీ ఒక్కసారి తప్పుకుంటాయి. నా దగ్గరికి వచ్చేది అప్పుడు.

దీన్ని తెలుగులో ‘అవధాన లోపం’ అంటున్నారు. అవధానం అనే మాట మనకు ఊరికే రాలేదు కనుక దాన్నే పట్టుకుని చెబుతాను. అష్టావధానం చూసినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. ఎనిమిదిమంది పృచ్ఛకుల్లో ఒకాయన పని అప్రస్తుత ప్రసంగం. అవధాని పద్యం కడుతుంటే మధ్యలో దూరి సంబంధం లేని ప్రశ్నవేసి ధ్యాస చెదరగొట్టాలి. మామూలు మనిషికి ఆ పెద్దమనిషి వేదిక మీద ఉంటాడు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకు తలలోపలే మకాం, సభ ముగిసినా లేచిపోడు. చివర్లో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పే ధారణ ఉందే, మా భాషలో వర్కింగ్ మెమరీ అనేది దానికి దగ్గరి చుట్టం. అది జారుతుంటుంది. అసలు లోపం అవధానానికి కాదు, పగ్గాలకు. నచ్చిన పని దొరికితే ఈ మనుషులే రాత్రి రెండింటిదాకా ముగ్గు వేస్తూ కూర్చుంటారు. “దానికి లేని మతిమరుపు దీనికెలా వచ్చింది?” అని ఇంట్లో దెబ్బలాట మొదలయ్యేదీ అక్కడే. మెదడు ముందుభాగంలో డోపమిన్, నార్‌అడ్రినలిన్ పనితీరులో తేడా వల్ల ముఖ్యమైన పనికీ ఆసక్తికరమైన పనికీ మధ్య మీట సరిగా పడదు. వంశపారంపర్యం ఇందులో చాలా ఎక్కువ, దాదాపు ఎత్తు పొడవుల స్థాయిలో.

ఒక ఉదయం చూపిస్తాను. ఆనవాళ్లు మార్చి చెబుతున్నాను, ఆవిడ అనుమతితోనే. ముప్ఫై ఆరేళ్లు, బ్యాంకులో ఆఫీసరు. ఆరుంబావుకు పాలు పొయ్యి మీద పెట్టింది. ఆవేళ శనివారం, అబ్బాయికి తెల్ల యూనిఫాం. దానికోసం బీరువా తెరిచింది. బట్టల మధ్య కరెంటు బిల్లు కనపడింది, గడువు నిన్నటితో అయిపోయింది. కట్టేద్దామని ఫోనుకోసం పడగ్గదిలోకి వెళ్లింది. ఫోన్లో క్లాస్ టీచరు మెసేజి: ప్రాజెక్టుకు చార్టు పంపండి. చార్టు అటకమీద ఉంది. స్టూలు లాక్కుని ఎక్కింది. అప్పుడొచ్చింది మాడువాసన. అత్తగారు పొయ్యి కట్టేసి గుమ్మంలో నిలబడి, “పాలు చూసుకోవడం కూడా రాదుటమ్మా” అన్నారు.

ఆ పావుగంటలో ఆవిడ చేసిన పనుల్లో అక్కర్లేనిది ఏది? యూనిఫాం కావాలి, బిల్లు కట్టాలి, చార్టు కావాలి. ఒక్క నిమిషం కూర్చున్నది లేదు. ఇంతా చేసి రోజు చివర మిగిలింది మాడిన గిన్నె. అది తోముతూ, “నాకు బద్ధకం డాక్టరుగారూ” అని ఆవిడే నాతో అంది. పదేళ్లు వింటే ఎవరికైనా ఆ మాట సొంతమైపోతుంది.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. ఈ స్థితికి ప్రపంచంలోకెల్లా కఠినమైన పరీక్ష మన ఇంటి నిర్వహణ. ఆఫీసుకు గంట ఉంది, పై అధికారి ఉన్నాడు, గడువు ఉంది. ఇంటికి అవేవీ లేవు. ఉప్పు నిండుకునేలోపు గుర్తుండాలి, అత్తగారి బీపీ బిళ్లలు, గ్యాస్ బుకింగ్, ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్‌కు చీర, రేపటి పప్పుకు ఈ రాత్రి నానబెట్టడం. ఎవరూ జాబితా రాసివ్వరు, చేస్తే ఎవరికీ కనపడదు, చెయ్యకపోతే అందరికీ కనపడుతుంది. ఇదే స్థితి ఉన్న మగవాడికి ఈ పరీక్ష ఎప్పుడూ పెట్టం. ఆయన తాళాలు పోగొట్టుకుంటే ‘మా ఆయన మేధావి, లోకం పట్టదు’ అని మురిసిపోతాం. ఈవిడ పోగొట్టుకుంటే పెంపకం మీదికి వెళ్తాం.

ఇది సరదా మతిమరుపు వ్యవహారమని నవ్వేసేవారి కోసం రెండు సంగతులు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో స్టీఫెన్ హిన్‌షా బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 140 మంది ఆడపిల్లల్ని బాల్యం నుంచి యవ్వనం దాకా గమనించింది. గెంతులూ తొందరపాటూ కూడా ఉన్న పిల్లల్లో, పెద్దయ్యాక, తమను తాము గాయపరచుకోవడం, ఆత్మహత్యాయత్నాలు, ఏడీహెచ్‌డీ లేని తోటివారికంటే బాగా ఎక్కువగా కనపడ్డాయి. 2015లో డెన్మార్క్‌లో 19 లక్షలకు పైగా జనాల రికార్డులు తిరగేస్తే, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో అకాల మరణాలు ఎక్కువని, అందులోనూ ఆడవాళ్లకు ఆ పెరుగుదల ఇంకా ఎక్కువని తేలింది. ప్రమాదాలే పెద్ద కారణం.

గుర్తించడానికి రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. స్కాన్ తీస్తే తెలుస్తుందని ఎవరైనా అంటే డబ్బు జేబులోనే ఉంచుకుని వచ్చెయ్యండి. 18 లక్షణాలున్నాయి, తొమ్మిది ధ్యాసకు, తొమ్మిది చంచలత్వానికి. పదిహేడు నిండినవాళ్లకు ఒక వరసలో కనీసం అయిదు ఉండాలి, పన్నెండేళ్లలోపే ఛాయలు కనపడి ఉండాలి, ఇల్లు, ఆఫీసు లాంటి రెండు చోట్లయినా బతుకును ఇబ్బంది పెడుతుండాలి. ఆడవాళ్ల చంచలత్వం కాళ్లలో కంటే మాటల్లో, ఆలోచనల్లో ఉంటుంది కనుక అడిగే తీరు మార్చుకోవాలి. ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూడమంటాను. రక్తహీనత, నిద్రలేమి, బైపోలార్, ఇవన్నీ ఈ వేషం వెయ్యగలవు. రీల్సు చూసి వచ్చేవాళ్లను తోటి డాక్టర్లు వెక్కిరిస్తుంటారు. నేను వెక్కిరించను. మనం ఇరవై ఏళ్లు చెప్పనిది ఆ రీలు ఒక్క నిమిషంలో చెప్పింది. కాకపోతే చేతిలో ఫోను ఉన్న ప్రతివాడి ధ్యాసా ఈనాడు ముక్కలే. ఫోను లేని కాలంలో మీరెలా ఉండేవారన్నదే నా ప్రశ్న.

మందు పనిచేస్తుంది. మిథైల్‌ఫెనిడేట్ మనదగ్గర మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉంది, అందుకే అన్ని షాపుల్లో దొరకదు, చీటీ లేకుండా ఇవ్వరు. అది పడనివారికి ఆటమాక్సిటిన్ ఉంది. బీపీ, నాడి చూసుకుంటూ వాడాలి, ఆకలి మందగిస్తుంది, గర్భం తలపెడితే ముందే చెప్పాలి. ఇంకొకటి నాకు పుస్తకం నేర్పలేదు, పేషెంట్లు నేర్పారు: “నెలలో మూడువారాలు మందు బాగుంటుంది మేడమ్, బహిష్టుకు ముందు వారం మంచినీళ్లు మింగినట్టే.” ఈస్ట్రోజన్ తగ్గినప్పుడు డోపమిన్ ఆసరా కూడా తగ్గుతుంది. ముట్లుడిగే వయసులో, అప్పటిదాకా ఎలాగో నెట్టుకొచ్చినవాళ్లు చతికిలబడేదీ కొంత ఇందుకే.

మిగతాది ఇంటి అమరిక. కనపడనిది లేనట్టే కనుక స్టీలు డబ్బాలు తీసేసి గాజు సీసాలు పెట్టండి. తాళాలకు గుమ్మం పక్కన మేకు కొట్టండి. పక్కన మనిషి కూర్చుంటే పని తెములుతుంది, ఇది విదేశాల్లో ఇప్పుడు ఒక పద్ధతిగా నేర్పుతున్నారు. వడియాలు పెట్టేటప్పుడు పక్కింటి పిన్నిగారు పీటేసుకుని కూర్చోవడం దీనికే కాకపోయినా, దీనికీ అక్కరకొచ్చింది. అపార్ట్‌మెంట్లలో పిన్నిగారు లేరు, వీడియో కాల్ పెట్టుకుంటున్నారు. భర్తలకు ఒక మాట: గుర్తుచెయ్యడం సాయం కాదు. గ్యాసో, ఫీజులో, ఏదో ఒకటి మొదటినుంచి చివరిదాకా మీ తలమీద వేసుకుని ఆవిడ తలలోంచి తీసెయ్యండి. ప్రభుత్వం నుంచి పెద్దగా ఆశించేదేం లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాలున్నాయి, ఇది విడిగా అందులో లేదు. దగ్గర్లో మనోవైద్యులు లేనివారు 14416 టెలిమానస్‌కు ఫోను చెయ్యండి, తెలుగులో మాట్లాడతారు.

బ్యాంకు ఆవిడ దగ్గరికే వస్తాను. చిన్నప్పటి సంగతులు కావాలని వాళ్లమ్మగారిని తీసుకురమ్మన్నాను. అరవై ఎనిమిదేళ్లావిడ, గంట ఆలస్యంగా వచ్చారు, బస్సులో కళ్లజోడు మరచిపోయి. వస్తువులు పారేసుకునేదా అని అడిగాను. “పిల్లలన్నాక పారెయ్యరూ? నేనూ అంతే.” చెప్పిన పని సగంలో వదిలేసేదా? “నాలాగేనండీ, అందులో వింతేముంది.” మాట పూర్తికాకుండానే అందుకునేదా? ఆ ప్రశ్న నేను ముగించకముందే జవాబిచ్చేశారు. కూతురు నావైపు చూసి తలదించుకుని నవ్వుకుంది. పెద్దావిడ కాసేపు ఊరుకుని, గొంతు తగ్గించి అడిగారు: “మా అత్తగారు నన్ను ముప్ఫై ఏళ్లు తిట్టింది దీనికేనా?”

అప్పటికప్పుడు జవాబు చెప్పలేదు. వచ్చే గురువారం మీరొక్కరే రండి, మీ సంగతీ అడుగుతాను అన్నాను. కూతురు ఫోనులో అలారం పెట్టబోయింది. ఆవిడ వద్దని చెయ్యి ఊపి, కొంగు ముందుకు లాక్కుని చివర ముడి వేసుకున్నారు.