రంగం చూసొద్దాం రండి



మన దిక్కు "బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి" అనే మాట ఉంది. బతుకుదెరువు కోసం మన పల్లెలు పోయిన మూడు దారులు అవి. కోస్తా జిల్లాల్లో ఒకప్పుడు ఇంకో మాట ఉండేది. "వాడు రంగం పోయాడు" అనేవారు. రంగం అంటే రంగూన్. సముద్రానికి అవతల, బర్మా దేశంలోని పెద్ద రేవు పట్టణం. 1989లో ఆ దేశానికి మయన్మార్ అని, ఊరికి యాంగోన్ అని పేర్లు మార్చారు. పాతవాళ్ళ నోట మాత్రం అది రంగమే.

సిద్దిపేట నుంచి ఒక అక్క ఆ ఊరు చూడ్డానికి పోయిందనుకోండి. కొత్తగా చదువు నేర్చిన అక్క. హైదరాబాదు పోయింది, కలకత్తా పోయింది, అక్కడ విమానం ఎక్కింది. దాదాపు రెండు గంటల్లో రంగూన్‌లో దిగింది.

ఊళ్ళో బోర్డులు చూసి అక్కకు సంతోషమయింది. అన్నీ గుండ్రటి అక్షరాలు! సున్నాలు, సగం సున్నాలు. అచ్చం మనవాటి లాగే ఉన్నాయి. దగ్గరికి పోయి చదవబోతే ఒక్కటీ రాలేదు. తెలుగు లిపి, బర్మా లిపి దూరపు చుట్టాలు. రెండింటి వేర్లూ దక్షిణ భారతంలోని పాత లిపుల్లోనే ఉన్నాయి. చుట్టరికం ఉంటే మాత్రం ఏం లాభం, చదవడం వేరే నేర్వాలె కదా! మొన్నమొన్ననే బస్సు బోర్డు చదవడం నేర్చిన అక్క, ఇక్కడ మళ్ళీ పక్కవాళ్ళను అడగవలసి వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి. దీనితో ముందు పని ఉంది.

ఊరి నడిబొడ్డున సూలే పగోడా ఉంది. పగోడా అంటే బౌద్ధుల స్తూపం. 1852లో ఇంగ్లీషువాళ్ళు రంగూన్‌ను పట్టుకున్నారు. ఈ స్తూపాన్ని నడుమ ఉంచి, చుట్టూ చదరంగం గళ్ళ లాగా వీధులు గీశారు. చాలా వీధులకు పేర్లు లేవు, నంబర్లే. స్తూపం దగ్గర నిలబడి చుట్టూ చూస్తే ఒక మసీదు, ఒక చర్చి కనబడతాయి. కొంచెం నడిస్తే తమిళులు కట్టుకున్న కాళికమ్మ గుడి ఉంది. ఇంకో దిక్కు చీనావాళ్ళ గుళ్ళు. 26వ వీధిలో యూదుల ప్రార్థన మందిరం ఉంది. దాన్ని 1890లలో కట్టారు. ఇప్పుడు ఆ ఊళ్ళో యూదులు కొద్దిమందే మిగిలారు. మందిరం చుట్టూ ముస్లింల దుకాణాలు. ఒక్క పొద్దున్నే ఇన్ని మతాల గుళ్ళు కాలినడకన చూడవచ్చు.

ఆకలైంది. హోటల్లో "సమూసా" అన్నారు, అది మన సమోసాయే. "పలాటా" అన్నారు, అది పరాటా. "డాన్‌బౌక్" అంటే ఏమిటో అర్థం కాలేదు. పళ్ళెం వచ్చాక చూస్తే దం బిర్యానీ! ఆడవాళ్ళు చెంపలకు పచ్చటి గంధం లాంటిది పూసుకుని తిరుగుతున్నారు. అది ఒక చెట్టు బెరడు. సానమీద అరగదీస్తారు. ఎండకు చర్మం కమలకుండా కాపాడుతుంది. దాని పేరు "తనఖా". భయపడకండి, ఇది షావుకారి దగ్గర పెట్టే తనఖా కాదు.

తరువాత అక్క బహదూర్ షా జఫర్ సమాధి దగ్గరికి పోయింది. ఈయన ఢిల్లీ మొగలు పాదుషాలలో చివరివాడు. 1857 తిరుగుబాటు అణగిపోయాక ఇంగ్లీషువాళ్ళు ఆయనను ఇక్కడికి పంపించారు. 1862 నవంబరు 7న చనిపోయాడు. గుర్తు తెలియకుండా పాతిపెట్టారు. 1991లో మోరీ కోసం తవ్వుతుంటే అసలు సమాధి బయటపడింది. బర్మా చివరి రాజు పేరు థీబో. 1885లో అతన్ని మన దేశానికి తెచ్చి రత్నగిరిలో ఉంచారు. 1916లో అక్కడే చనిపోయాడు. మన రాజు వాళ్ళ మట్టిలో, వాళ్ళ రాజు మన మట్టిలో.

ష్వేడగాన్ పగోడా గురించి ఎంత చెప్పినా తక్కువే. గుట్ట మీద బంగారు రేకుల స్తూపం. ఎత్తు సుమారు 325 అడుగులు. చార్మినారుకు దాదాపు రెండింతలు. చెప్పులు విడిచి ఎక్కాలి. చుట్టూ ఎనిమిది మూలలు, ఒక్కో మూల ఒక్కో వారానిది. వారాలు ఏడే కదా అంటారా? వాళ్ళు బుధవారాన్ని పొద్దుటి పూట, మాపటి పూట అని రెండు చేశారు. ఎవరు పుట్టిన వారం మూలలో వాళ్ళు బుద్ధుడికి నీళ్ళు పోస్తారు.

సాయంత్రం రేవుకు వచ్చింది. ఇక్కడ చూడ్డానికి పెద్ద గుడి లేదు, గోపురం లేదు. నది, ఓడలు, గోదాములు. మనవాళ్ళ చెమట కారింది మాత్రం ఇక్కడే.

వంద ఏళ్ళ కింద ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ బియ్యం ఎగుమతి చేసిన దేశం బర్మా. ఆ బస్తాలు ఓడలకు ఎక్కించింది ఎవరు? రైసు మిల్లుల్లో పనిచేసింది ఎవరు? రిక్షాలు లాగింది ఎవరు? ఎక్కువగా శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి తీరాల తెలుగువాళ్ళు. కాకినాడ పక్కన కోరంగి రేవు ఉండేది. ఆ పేరు మీద వాళ్ళను "కోరంగీలు" అన్నారు. 1931 లెక్కల్లో రంగూన్ జనం సుమారు 4 లక్షలు. అందులో సగానికి పైగా భారతీయులే. అప్పుడు బర్మా కూడా ఇంగ్లీషువాళ్ళ ఇండియాలో భాగం. 1937లో వేరు చేశారు.

ఎట్లా పోయేవారు? మేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు ఇచ్చేవాడు. ఓడ చార్జీ అప్పు కింద రాసేవాడు. కాగితం మీద వేలిముద్ర వేయించుకునేవాడు. రంగూన్‌లో కూలి డబ్బు నేరుగా కూలివాడి చేతికి రాదు. పెద్ద మేస్త్రీ, చిన్న మేస్త్రీ చేతులు దాటి, బాకీ కోసుకున్నాక మిగిలింది వచ్చేది. ఎంత తీసుకున్నాడు, ఎంత తీరింది, ఇంకెంత ఉంది? అంతా మేస్త్రీ పుస్తకంలోనే. ఆ పుస్తకం కళ్ళ ముందు తెరిచినా కూలివాడికి సున్నాలు, సగం సున్నాలే కనబడేవి.

1930 మే నెలలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. కంపెనీలు బర్మా కూలీలను పనిలో పెట్టుకున్నాయి. సమ్మె తీరాక బర్మా వాళ్ళను పొమ్మన్నారు. మే 26న రెండు వైపుల పేదలు కొట్టుకున్నారు. అది ఊరంతా పాకింది. వందకు పైగా మనుషులు చచ్చిపోయారు, ఎక్కువమంది మన కూలీలే. గుళ్ళు పక్కపక్కనే ఉన్నాయి, వాటి మధ్య ఏ తగవూ లేదు. తగవు కూలి దగ్గర వచ్చింది. కంపెనీలకు ఏమీ కాలేదు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. లక్షల మంది భారతీయులు ఇంటి దారి పట్టారు. ఓడల్లో చోటు దొరకనివాళ్ళు అడవులు, కొండలు దాటి నడిచారు. ఆకలితో, కలరాతో, మలేరియాతో వేలమంది దారిలోనే పోయారు. 1962లో సైన్యం అధికారం తీసుకుంది. 1964లో దుకాణాలు, వ్యాపారాలు సర్కారు పరం చేసింది. మళ్ళీ ఓడల నిండా జనం తిరిగివచ్చారు.

ఇప్పుడు పోవచ్చా అంటే, ముందు ఆలోచించుకోవాలి. 2021 ఫిబ్రవరి 1న సైన్యం మళ్ళీ గద్దెనెక్కింది. దేశంలో పోరాటాలు నడుస్తున్నాయి. ఇంకో సంగతి. ఈ మధ్య మేస్త్రీ ఊళ్ళోకి రావడం లేదు, ఫోన్లోకి వస్తున్నాడు. "థాయిలాండులో కంప్యూటర్ ఉద్యోగం, మంచి జీతం" అంటాడు. నమ్మి పోయినవాళ్ళను సరిహద్దు దాటించి మయన్మార్‌లో బంధించి, ఫోన్లలో జనాన్ని మోసం చేసే పని చేయించారు. 2025 మార్చిలో మన ప్రభుత్వం అట్లాంటి 500 మందికి పైగా మనుషులను విమానాల్లో తిరిగి తెచ్చింది. వారిలో తెలంగాణ పిల్లలూ ఉన్నారు. వాళ్ళకు చదువు వచ్చు. ఏజెంటు ఎవరు, కంపెనీ ఎక్కడిది అని అడిగి చూసినవాళ్ళు తక్కువ.

తిరిగివచ్చిన పాతవాళ్ళ ఆనవాళ్ళు మన దగ్గర ఇంకా ఉన్నాయి. విశాఖపట్నం కంచరపాలెంలో బర్మా క్యాంపు అనే పేట ఉంది. చెన్నైలో బీచ్ స్టేషన్ దగ్గర బర్మా నుంచి వచ్చినవాళ్ళు మొదలుపెట్టిన బండ్లు ఉన్నాయి. సాయంత్రం అక్కడ "అత్తో" అమ్ముతారు. సేమ్యా లాంటి లావు నూడుల్స్‌లో క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, చింతపండు పులుసు, కారం వేసి చేత్తో కలిపి ఇస్తారు. పులుపు, కారం మన నోటికి బాగా పడతాయి.