రిజర్వు బ్యాంకు ఎవరిది?
(రైతు సంఘం జిల్లా సభలో చేసిన ప్రసంగం నుంచి)

మిత్రులారా, పంట రుణాల గురించి మాట్లాడుతుంటే ఇందాక ఒక పెద్దాయన లేచి, "ఇంతకీ రిజర్వు బ్యాంకు ఎవరి సొత్తు?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే.

1935లో అది పుట్టినప్పుడు ప్రైవేటు వాటాదారులది. మూలధనం 5 కోట్లు, వాటా 100 రూపాయలు. మొత్తం 5 లక్షల వాటాల్లో ప్రభుత్వానివి 2,200 మాత్రమే. మనవాళ్లకు మద్రాసు రిజిస్టరు ఉండేది. ఐదు వాటాలుంటేనే ఒక ఓటు, అంటే ఐదొందలు పెట్టాలి. ఆ రోజుల్లో ఏ కౌలు రైతు దగ్గర ఉందండీ ఐదొందలు?

1949 జనవరి 1న జాతీయం చేశారు. వాటాకు 118 రూపాయల 10 అణాల చొప్పున చెల్లించి కేంద్రం అన్నీ తీసేసుకుంది. మూలధనం ఇప్పటికీ ఆ 5 కోట్లే. ఆ వాటాలు మార్కెట్లో దొరకవు. చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం ఖర్చులు, కేటాయింపులు పోగా మిగిలిందంతా కేంద్రానిదే. 2024-25కు అలా వెళ్లింది సుమారు 2.69 లక్షల కోట్లు.

1956లో ఇదే బ్యాంకు తన లాభాల్లోంచి దీర్ఘకాలిక వ్యవసాయ రుణాలకు ఒక నిధి పెట్టింది. 1982లో నాబార్డు వచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు రిజర్వు బ్యాంకు ఆ పద్దుకు ఏటా తీసిపెట్టేది నామమాత్రంగా ఒక్క కోటికి దిగింది. ఒక్క కోటి! మన వినతిపత్రంలో మొదటి పేరాలో ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాయండి.